మిరి నుంచి ములు: అరగంట విమానం, ఆ తర్వాత అడవే

బోర్నియో దీవిలో మలేసియా వాళ్ల సరవాక్ రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రం లోపలెక్కడో, బ్రూనై సరిహద్దుకు దగ్గరగా, గునుంగ్ ములు నేషనల్ పార్కు. చాలాకాలం అక్కడికి నదే దారి. బారామ్ నదిలో లాంచీ ఎక్కి మరుడి దాకా పోయి, అక్కడి నుంచి పొడుగాటి పడవల్లో తుతో, మెలినావ్ నదులకు ఎదురెక్కాలి. పొద్దున బయల్దేరితే చేరేసరికి చీకటి పడేది. ఇప్పుడు మిరి పట్నం నుంచి అరగంటలో దింపేస్తారు.

కౌలాలంపూర్‌లో ఉండే మా చెల్లెలు ఎన్నాళ్లుగానో రమ్మంటుంటే ఈసారి కుదిరింది. మిరిలో దిగగానే పాస్‌పోర్టు మీద మళ్లీ ముద్ర వేశారు. దేశం ఒకటే అయినా సరవాక్‌కు తన సొంత ఇమిగ్రేషన్ ఉంది, మలేసియా ప్రధాన భూభాగం వాళ్లక్కూడా ఆ తనిఖీ తప్పదు.

ములు విమానం రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్. వెనక తలుపు నుంచి నాలుగు మెట్లెక్కి లోపలికి వెళ్లాలి. రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కాబట్టి చాలా సీట్ల నుంచి కిందకు బాగా కనిపిస్తుంది. మాలాంటి యాత్రికులు సగం మందే. మిగతావాళ్లంతా ఊళ్లకు తిరిగి వెళ్తున్నవాళ్లు. నా పక్క వరసలో ఒకావిడ కోడిగుడ్ల అట్టను ఒళ్లో పెట్టుకుని, విమానం కుదిపినప్పుడల్లా రెండు చేతులూ దాని మీద కప్పేది. మిరి ఆస్పత్రికి మనవణ్ణి చూపించడానికి వచ్చిందట. వాళ్లకిది ఆస్పత్రికీ, బజారుకూ దారి. ఇది తెలిశాక, తోడు తెచ్చుకున్న పెద్ద సూట్‌కేసును మిరి హోటల్లోనే వదిలి, వాళ్ల సామానుకు చోటు మిగల్చడం ఎంత మంచిదైందో అనుకున్నాను.

విమానం లేచిన కాసేపటికి కింద పచ్చదనం మొదలైంది. నేను ఫోన్ తీయబోతుంటే, “అన్నయ్యా, అది అడవి కాదు, సరిగ్గా చూడు” అంది మా చెల్లి. చూశాను. పామాయిల్ తోటలు. మాది పెదవేగి దగ్గర పల్లె. ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్న ఊరే అది. పెదనాన్నగారి తోటలో గెలలు కోసి ట్రాక్టర్‌కెత్తడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. కిందనుంచి చూస్తే నీడనిచ్చే చెట్టు. పైనుంచి చూస్తే నక్షత్రాల్లాంటి ఆకులు, గీత గీసినట్టు వరసలు, మధ్యలో ఎర్రమట్టి రోడ్లు. నిమిషాల తరబడి అదే. మా జిల్లాలో ఈ పంట చాలావరకు పొగాకు, కొబ్బరి, చెరకు తీసి వేసిన పొలాల్లో వచ్చింది. ఇక్కడ చాలాచోట్ల అడవి తీసి వేశారు. పెదనాన్నగారి మీద నాకెంత గౌరవమున్నా, ఆ కిటికీ దగ్గర నా గుండె బరువెక్కింది.

ఆ వరసలు ఆగిపోయాక అడవి వచ్చింది. ఏ రెండు చెట్లూ ఒక ఎత్తు లేవు, ఏ రెండూ ఒకే పచ్చ కాదు. మధ్యలో టీ రంగు ఏరు వంకర్లు తిరుగుతోంది. ఉన్నట్టుండి మబ్బుల్లోంచి తెల్లటి సున్నపురాయి గోడలు బయటపడ్డాయి. విమానం వాటి పక్కగా ఒరిగి, చిన్న రన్‌వే మీద దిగింది. మబ్బు దట్టంగా ఉంటే దిగకుండా వెనక్కి పోవడమూ ఉంటుందట.

బొర్రా, బెలూం చూసినవాళ్లకు గుహలంటే ఒక అంచనా ఉంటుంది. బెలూం పొడవు 3 కిలోమీటర్ల పైచిలుకు. ములులో క్లియర్‌వాటర్ గుహల్ని ఇప్పటిదాకా 200 కిలోమీటర్లకు పైగా కొలిచారు, ఇంకా అవలేదు. 1981లో బయటపడ్డ సరవాక్ చాంబర్ అనే ఒక్క గది 600 మీటర్ల పొడవు, 400 మీటర్లకు పైగా వెడల్పు. పైకప్పును మోయడానికి మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. ఏడాది పొడవునా కురిసే వాన, అడవి నేలలో ఇంకి కాస్త పులుపెక్కిన నీళ్లు, సున్నపురాయి: లక్షల ఏళ్లుగా ఈ మూడూ కలిసి చేసిన పని ఇది.

మేం ఎక్కువసేపు గడిపింది డీర్ కేవ్‌లో. పార్కు ఆఫీసు నుంచి అడవిలో చెక్క బాట మీద 3 కిలోమీటర్లు నడవాలి. లోపలికి వెళ్లగానే ముక్కు పగిలే అమోనియా ఘాటు. కొన్నిచోట్ల కప్పు నూరు మీటర్లకు పైన ఉంటుంది. మా గైడు బెరవన్ తెగ కుర్రాడు. టార్చి కిందకు తిప్పి, “కమ్మీ మీద చెయ్యి వేయకండి” అన్నాడు. గబ్బిలాల రెట్ట మెట్టలు మెట్టలుగా ఉంది. తేరిపారి చూస్తే ఆ మెట్ట కదులుతోంది. బొద్దింకలు, జెర్రులు, వాటిని తినే సాలీళ్లు. గోడ పగుల్లో ఒక పాము ముద్దగా చుట్టుకుని ఉంది. చీకట్లో ఎగిరే పిట్టల్ని అక్కడే కాచుకుని పట్టి తింటుందట. రాత్రి బయటికెళ్లి పురుగులు తిని వచ్చే గబ్బిలాలు, ఎండ ఎరగని ఈ ప్రాణులన్నింటికీ తిండి పెడుతున్నాయి.

సాయంత్రం గుహ ఎదుట బెంచీల మీద కూర్చున్నాం. వాన పడితే గబ్బిలాలు రావు. ఆ రోజు మబ్బు విడిచింది. అయిదు దాటాక గుహ నోట్లోంచి నల్లటి పాయ ఒకటి లేచింది, తూర్పారబట్టినప్పుడు పొట్టు గాలికి లేచినట్టు. దాని వెనక ఇంకొకటి. ఈ గుహలో ముప్ఫై లక్షల గబ్బిలాలు ఉంటాయని అంచనా. పైన గద్దలు కాచుకుని ఉంటాయి కాబట్టి మెలికలు తిరుగుతూ పోతాయి. దాదాపు గంటసేపు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అవన్నీ రాత్రంతా తినడానికి ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్నే నన్ను పట్టుకుంది. పార్కు విస్తీర్ణం 52,864 హెక్టార్లు. 1974లో పార్కుగా ప్రకటించారు, 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కానీ గబ్బిలాలకు పార్కు హద్దు తెలియదు. ఆ హద్దుకు ఆవల మిగిలినదేమిటో పొద్దున కిటికీలోంచి చూసే వచ్చాను.

మర్నాడు పడవలో క్లియర్‌వాటర్‌కు వెళ్తూ బటు బుంగన్ దగ్గర ఆగాం. పెనన్ ప్రజల ఊరు. తరతరాలుగా అడవిలో తిరుగుతూ బతికినవాళ్లను ఇక్కడ స్థిరంగా ఉండమన్నారు. 1987లో ఈ బారామ్ ప్రాంతంలోనే పెనన్లు కలప లారీల దారులకు అడ్డంగా కర్రలు పాతి, పిల్లాపాపలతో సహా నిలబడ్డారు. చాలామంది అరెస్టయ్యారు. ఒక ముసలావిడ దగ్గర మా చెల్లి పేము బుట్ట కొంది. బేరం ఆడవద్దని నేను ముందే చెప్పి ఉంచాను, తనకూ ఆ ఉద్దేశం లేదు. అల్లిక ఎంత బిగువుగా ఉందంటే వేలిగోరు దూరలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. పెద్ద గుహలన్నిటికీ గైడు తప్పనిసరి, కాబట్టి టికెట్టుతోపాటే అదీ ముందుగా చెప్పుకోండి. నగదు మిరిలోనే తీసుకోండి. తిరుగు ప్రయాణం రోజునే పెద్ద విమానం అందుకోవాలని పెట్టుకోకండి, వాన ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం. వెళ్లేటప్పుడు మాత్రం కిటికీ సీటు అడిగి తీసుకుని, లేచినప్పటి నుంచి దిగేదాకా కిందకే చూడండి.