బాయిలోకి దిగే బండి

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మా వర్క్‌షాప్‌కి వచ్చే బండ్లన్నీ దాదాపు ఒకటే రకం. టొయోటా ల్యాండ్ క్రూజర్ 79, ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక ట్రే. కల్‌గూర్లీ వైపు బంగారు గనుల్లో ఏళ్లకేళ్లు తిరిగి, ఎర్రమట్టి అతుకుల్లోకి ఎక్కేసి ఉంటుంది. వాటిలోని 4.2 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఊడదీసి మోటారు, బ్యాటరీ పెట్టడం మా పని.

నాది కొత్తగూడెం. నాన్న బొగ్గు బాయిలో, అంటే గనిలో, కోల్ ఫిల్లర్‌గా (బొగ్గు ఎత్తి నింపే పని) చేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగినవాడు ముందు గాలి ఎటు కొడుతోందో చూసుకోవాలని మా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో. అందుకే ఇక్కడ చేరినప్పుడు ఈ మార్పిడి ఎందుకని నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. భూమి లోపల డీజిల్ బండి వదిలిన పొగని పెద్ద పెద్ద ఫ్యాన్లతో బయటికి తోయాలి, ఎన్ని ఇంజిన్లు దిగితే అంత గాలి పంపాలి, ఆ ఫ్యాన్ల కరెంటే గనికి పెద్ద ఖర్చు. డీజిల్ పొగ మనుషులకి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లో తేల్చింది. దానికి ఒక ముఖ్య ఆధారం అమెరికాలో 12 వేల మందికి పైగా గని కార్మికుల మీద జరిగిన అధ్యయనం.

ఇంజిన్ తీసి మోటారు పెడితే అయిపోతుందనుకుంటారు చాలామంది. బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌కి వ్యాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, ఇంజిన్‌తో పాటు అదీ పోతుంది, పవర్ స్టీరింగూ ఏసీ కంప్రెసరూ బెల్టు మీద తిరిగేవే కాబట్టి వాటికీ వేరే దారి చూడాలి, లైట్లకి 12 వోల్టులు ఇవ్వడానికి ఇంకో కన్వర్టర్ పెట్టాలి. పాత గేర్‌బాక్స్‌కి మోటారుని కలిపే ప్లేటు వెంట్రుకవాసి పక్కకి జరిగినా బండంతా వణుకుతుంది.

మొదట్లో నన్ను ఆరెంజ్ కేబుళ్లు ముట్టుకోనివ్వలేదు. అందులో ఉండేది 350 వోల్టులు. ముందు మీటరు పనిచేస్తోందో లేదో చూడాలి, తర్వాత కేబుల్లో సున్నా ఉందని చూడాలి, మళ్లీ మీటరు చూడాలి. జీవితమంతా డీజిల్ ఇంజిన్లతో గడిపిన మా సూపర్‌వైజర్ ఆ వయసులో ఇదంతా కొత్తగా నేర్చుకుని, స్మోకో (ఇక్కడి టీ బ్రేక్) టైమ్ దాటిపోతున్నా సరే నా చేత ఈ మూడూ చేయించేవాడు. ఆయనంటే నాకు చాలా గౌరవం.

గనికి పంపిన మొదటి బండి మూడు వారాల్లోనే తిరిగొచ్చింది. ఆన్ చేస్తే ఇన్సులేషన్ ఫాల్ట్, అంటే కరెంటు ఎక్కడో బండి బాడీలోకి లీకవుతోందని, బండి కదలదు. రెండు రోజులు ఒక్కో కేబుల్ విప్పి చూశాం, నిద్ర పట్టని టెన్షన్. చివరికి బ్యాటరీ కింద ఒక కనెక్టర్లో తెల్లగా ఉప్పు. అక్కడ భూగర్భ జలం సముద్రం కంటే ఉప్పన. ఆ కనెక్టర్ సీల్ సరిగా కూర్చోబెట్టనిది నేనే. ఇప్పుడు ప్రతి సీలూ రెండుసార్లు చూస్తాను.

ఊరి నుంచి ఫ్రెండ్స్ ఫోన్ చేసి, మా పాత స్కార్పియోని ఇలా మార్చొచ్చా అన్నా అని అడుగుతారు. లీటరు డీజిల్లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఈ ల్యాండ్ క్రూజర్ ట్యాంకు 130 లీటర్లు, మేం పెట్టే బ్యాటరీ 60 యూనిట్లు. ఇంజిన్ అందులో చాలా భాగం వేడిగా పోగొడుతుంది, మోటారు అంత పోగొట్టదు, అయినా లెక్క ఎక్కడా దగ్గరికి రాదు. తిరుపతి దాకా కొట్టే బండైతే వద్దనే చెబుతాను. రోజూ కొద్ది దూరం తిరిగి రాత్రికి ఇంటికొచ్చేదైతే ఆలోచించొచ్చు, కానీ కిట్‌కి ఏఆర్ఏఐ లాంటి, బండ్లని పరీక్షించే సంస్థ ఆమోదం ఉందో లేదో చూసుకోవాలి, ఆర్సీలో కూడా మార్పించుకోవాలి. గనిలో బండి తిరిగేది తక్కువ దూరం, ఏడడుగులకి ఒక అడుగు వాలుండే దారిలో దిగేటప్పుడు మోటారే బ్రేకులా పట్టి కొంత కరెంటు వెనక్కిస్తుంది. అందుకే అక్కడ కుదిరింది.

పోయిన నెల టెస్టింగ్ కోసం నేనూ లోపలికి దిగాను. టైర్ల కింద రాళ్లు నలిగే చప్పుడు కూడా వినపడుతోంది. ఆ రాత్రి వీడియో కాల్లో చెబితే నాన్న బండి గురించి ఏమీ అడగలేదు.

"లోపల గాలి ఎట్లుందిరా?"

"మన బండి దగ్గర బాగుంది నాన్నా. పెద్ద లోడర్లు, ట్రక్కులు మాత్రం ఇంకా డీజిల్‌వే."

"అవెప్పుడు మారుస్తరు?"

అవి మా వర్క్‌షాప్‌లో పట్టవని చెప్పాను. ఇంకెవరు చేస్తారో కనుక్కోమన్నాడు.