జీఎస్-2లో జాన్ మార్షల్: మార్కులు పోయేది ఎక్కడంటే

సివిల్స్ ఫైనల్ లిస్టు వచ్చిన దగ్గర్నుంచి జీఎస్-2 (మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్) నోట్స్ పెట్టమని ఒకటే మెసేజ్‌లు. అంతా పెట్టలేను కానీ, ‘ఇతర దేశాల రాజ్యాంగాలతో పోలిక’ అన్న సిలబస్ లైన్‌కి బాగా పనికొచ్చిన ముక్క ఒకటుంది. అమెరికా చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ (1801-1835). ‘మార్బరీ వర్సెస్ మాడిసన్, 1803, న్యాయసమీక్ష’ (రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కోర్టు కొట్టేసే అధికారం) అని రాసి కింద గీత గీసేస్తే అందరి పేపరూ ఒకటే. మార్కులు అక్కడ రావు.

1801 మార్చి 4న జెఫర్సన్ పదవిలోకి వస్తున్నాడనగా, దిగిపోతున్న అధ్యక్షుడు ఆడమ్స్ హడావిడిగా నియామకాలు చేశాడు. అందులో ఒకడైన మార్బరీ జడ్జి నియామక పత్రం మీద సంతకమైంది, ముద్ర పడింది, చేతికి మాత్రం అందలేదు. పంపాల్సిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ (విదేశాంగ మంత్రి) ఎవరు? మార్షలే! ఫిబ్రవరి 4నే చీఫ్ జస్టిస్ అయినా నెలపాటు రెండు కుర్చీలూ ఆయనవే. పత్రం ఇప్పించమని కొత్త సెక్రటరీ మాడిసన్ మీద మార్బరీ సుప్రీంకోర్టుకెళ్తే, విన్నదీ మార్షలే. ఇవాళైతే ఆ కేసు వినొద్దని మొదటి రోజే పిటిషన్ పడేది.

తీర్పులో మూడు ప్రశ్నలు. హక్కుందా? ఉంది. పరిహారముందా? ఉంది. మాండమస్ (అధికారి తన విధి చేయాలన్న ఆదేశం) ఈ కోర్టు ఇవ్వొచ్చా? కుదరదు. నేరుగా సుప్రీంకోర్టులో మాండమస్ అడిగే వీలు 1789 జ్యుడీషియరీ చట్టం 13వ సెక్షన్‌ది. రాజ్యాంగం మూడో అధికరణమేమో ప్రారంభ విచారణాధికారాన్ని (కేసు నేరుగా వినే అధికారాన్ని) రాయబారులు, రాష్ట్రాలు కక్షిదారులైన కేసులకే ఇచ్చింది. కాబట్టి సెక్షన్ చెల్లదు. మామూలుగా కోర్టులు విచారణాధికారం ముందు తేల్చుకుంటాయి, మార్షల్ చివర్లో తేల్చాడు. ముందే తేల్చి ఉంటే ప్రభుత్వానికి అక్షింతలు పడేవి కావు. ఆదేశమే లేదు కనుక జెఫర్సన్‌కు ధిక్కరించడానికీ ఏమీ మిగల్లేదు. ఈ వరుస రాయని జవాబు సగం జవాబే.

‘మార్బరీ గెలిచాడు’ అని రాసేవాళ్లున్నారు, ఉద్యోగం రాలేదు. మార్షల్ వరసపెట్టి కేంద్ర చట్టాలు కొట్టేశాడన్నదీ తప్పే. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం రెండోసారి పోయింది 1857 డ్రెడ్ స్కాట్ కేసులో, అప్పటి చీఫ్ జస్టిస్ టేనీ. మార్షల్ దెబ్బ పడ్డది రాష్ట్రాల చట్టాల మీద: ఫ్లెచర్ (1810), మెకల్లక్ (1819), గిబ్బన్స్ (1824).

ఒక్క జడ్జిని చదవడానికి రెండు రోజులా అని నవ్వేవాళ్లు నవ్వనీ. మన రాజ్యాంగంలో నాలుగు అధికరణాలకు పోలిక దొరుకుతుంది. మార్షల్ వాదించి రాబట్టింది మనకు 13లో రాసే ఉంది. ఆయన కాదన్న, నేరుగా సుప్రీంకోర్టులో అడిగే రిట్ (మాండమస్ లాంటి ఆదేశం) మనకు 32 ఇస్తుంది. కేంద్రం పెట్టిన బ్యాంకుపై మేరీలాండ్ రాష్ట్రం వేసిన పన్నును మెకల్లక్‌లో కొట్టేశాడు, కేంద్ర ఆస్తిపై రాష్ట్రాల పన్ను కుదరదని మన 285 అంటుంది. బిల్ ఆఫ్ రైట్స్ (అమెరికా రాజ్యాంగంలోని పౌర హక్కుల సవరణలు) బాల్టిమోర్ నగరానికి వర్తించదని బారన్ (1833)లో చెప్పాడు, మన 12లో స్థానిక సంస్థలూ ‘రాజ్యమే’. బారన్ దాదాపు ఎవరూ రాయరు, మీరు రాయండి.

10 మార్కులకు 150 పదాలు కదా. కేసు నేపథ్యం 30, మూడు ప్రశ్నలు 50, మిగతా 70 మన అధికరణాలకు. ఆయన పుట్టుక, సైన్యం, వర్జీనియా అన్నీ వదిలేయండి.