ఇంక్లూడ్ చేసే ఫైల్‌కి వేరియబుల్ ఎలా పంపాలి అని రెండ్రోజులు కొట్టుకున్నా

పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే ప్రోగ్రామింగ్ భాష) మొదలెట్టిన కొత్తలో సంగతి. అన్ని పేజీలకీ హెడర్ (పేజీ పైభాగం) ఒకటే, టైటిల్ మాత్రం మారాలి, సరే అని హెడర్ ఫైల్‌ని ఇంక్లూడ్ చేస్తూ, అంటే పేజీ ఫైల్‌లోకి తెచ్చుకుంటూ, ఫైల్ పేరు చివర క్వశ్చన్ మార్క్ పెట్టి టైటిల్ తగిలించా, అడ్రస్ బార్‌లో పనిచేసేది ఇక్కడ మాత్రం ఎందుకు చేయదులే అని. ఫైల్ లేదని వార్నింగ్! కళ్లెదురుగా ఉంది కదరా బాబూ అనుకుని వార్నింగ్ సరిగ్గా చదివితే, అది క్వశ్చన్ మార్క్‌తో సహా అంత పొడుగు పేరున్న ఫైల్ కోసం డిస్క్‌లో వెతుకుతోంది.

పూర్తి యూఆర్ఎల్ ఇచ్చి ఇంక్లూడ్ చేసేవాళ్లూ ఉన్నారు, వద్దు. అది సర్వర్‌కి ఇంకో కొత్త రిక్వెస్ట్, తిరిగొచ్చేది అవుట్‌పుట్ ఒక్కటే, మన వేరియబుల్స్ అటు వెళ్లవు. అలా యూఆర్ఎల్‌తో ఇంక్లూడ్ చేయనిచ్చే సెట్టింగ్‌ని (allow_url_include) పీహెచ్‌పీ 7.4 నుంచి డెప్రికేట్ కూడా చేశారు, అంటే ఇక వాడొద్దన్నారు.

అసలు పంపడమనేదే లేదండీ. ఇంక్లూడ్ అంటే ఆ ఫైల్‌లోని కోడ్‌ని ఆ లైన్ దగ్గర తెచ్చి అతికించినట్టే, పై లైన్లో టైటిల్ వేరియబుల్ పెడితే హెడర్‌లో కనిపిస్తుంది, అంతే. ఫంక్షన్ లోపల ఇంక్లూడ్ చేస్తే మాత్రం ఆ ఫంక్షన్ లోకల్ వేరియబుల్సే కనిపిస్తాయి.

ఈ అతికించడమే తర్వాత నా కొంప ముంచింది. 10 పోస్టులు చూపించే లూప్, కౌంటర్ పేరు ఐ, లెక్క సున్నా నుంచి, ఒక్కో పోస్ట్ కింద ట్యాగ్స్ ఫైల్ ఇంక్లూడ్, అందులో 3 ట్యాగ్స్ ప్రింట్ చేసే లూప్, దాని కౌంటర్ కూడా ఐయే. లోపలి లూప్ అయ్యేసరికి ఐ విలువ 3, బయటి లూప్ దాన్ని 4 చేస్తుంది, మళ్లీ ట్యాగ్స్ ఫైల్ దాన్ని 3 దగ్గరికి లాగేస్తుంది. పేజీలో మొదటి పోస్ట్ ఒకసారి వచ్చింది, ఇక అక్కణ్ణుంచి ఐదో పోస్టే కింద దాకా, ఆగితే ఒట్టు. నేనేమో డేటాబేస్ క్వెరీ తప్పనుకుని దాన్ని తిరగేస్తూ కూర్చున్నా. ఇప్పుడు ఒక చిన్న ఫంక్షన్ రాసుకుని కావాల్సినవి అర్రేలో (విలువల జాబితాలో) దానికిచ్చి లోపల ఇంక్లూడ్ చేస్తున్నా, బయటి ఐ జోలికి ఎవడూ రాడు.

కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైల్‌కైతే వేరియబుల్స్ పెట్టకుండా అర్రేని రిటర్న్ చేయిస్తా, ఇంక్లూడ్ చేసిన చోట ఆ విలువ నేరుగా అందుతుంది. దీనికి పొరపాటున ఇంక్లూడ్ వన్స్ (ఒక ఫైల్‌ని ఒక్కసారే తెచ్చేది) వాడారో, రెండోసారి అర్రే బదులు ట్రూ వచ్చి కూర్చుంటుంది.