ఖాళీ పేజీ మీద వేలిముద్రలు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో బడి కమిటీ సభ్యులెవరని అడిగితే మా వీధి తల్లుల్లో చాలామంది తెల్లమొహం వేస్తారు. జాబితాలో వాళ్ల పేర్లే ఉన్నా సరే.

చట్టం మమ్మల్ని మరచిపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. బడి నడిచే తీరు చూడటం, నిధులు ఎలా ఖర్చవుతున్నాయో గమనించడం ఆ కమిటీ పని. లెక్క అడగవలసింది మేమే. ఇక్కడ మాత్రం లెక్కలన్నీ పై ఆఫీసుకు వెళ్తాయి, మా దగ్గరకు సంతకాల పుస్తకం ఒక్కటే వస్తుంది. (సర్కారు సాయం లేని ప్రైవేటు బళ్లకు ఈ సెక్షనే వర్తించదు. అక్కడ ఫీజులు కట్టే తల్లిదండ్రుల గోడు ఇంకోటి.)

ఆ పుస్తకాన్ని మొన్న పక్కింటి అక్క అరుగు మీద చూశాను. ఆవిడ కమిటీ సభ్యురాలు. పేజీ పైభాగమంతా ఖాళీ, తేదీ కూడా లేదు. అడుగున ఊదారంగు వేలిముద్రలు, పక్కన పెన్సిల్‌తో పేర్లు. పుస్తకం తెచ్చిన అబ్బాయి ఇంకు డబ్బా మూత తీసి నిలబడ్డాడు.

"ఇందులో ఏం రాస్తారు బాబూ?" అన్నాను.

"సార్ తర్వాత రాస్తారమ్మా."

అక్క వేలు చాపేసింది. ఆవిడను తప్పుపట్టను. నోటీసు ఒడియాలో వస్తుంది, ఆవిడకు చదువు రాదు. మీటింగేమో కూలికి వెళ్లే వేళ పెడతారు.

బళ్లకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద వంద దాటి 250 లోపు పిల్లలున్న బడికి ఏటా 50,000 రూపాయల వరకు గ్రాంటు ఇవ్వవచ్చు. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు ఖర్చుపెట్టాలి. మా అమ్మాయి బడి ఆ కోవలోదే. అయినా ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. ఈడొచ్చిన పిల్లలు బడికి వెళ్లే ముందు నీళ్లు తాగడమే మానేస్తున్నారు. ఒక గడియ ఖరీదు ఎంతని?

డబ్బు ఎవరో తిన్నారని నేను అనడం లేదు. రాలేదేమో, వేరే అవసరానికి వాడారేమో. అదే చెప్పమంటున్నాను. హెడ్మాస్టరు గారిని అడిగితే "కమిటీ ఆమోదించిందమ్మా" అంటారు. కమిటీ అధ్యక్షుణ్ణి అడిగితే "ఆ లెక్కలు సారుకే తెలుసు" అంటారు.

అందుకే ఒడియాలో అర్జీ రాశాను. ఖర్చుల వివరాలు బడి గోడ మీద ఒడియాలోనూ తెలుగులోనూ పెట్టాలి. సంతకం అడిగే ముందు పేజీలో ఉన్నదంతా సభ్యులకు తెలుగులో చదివి వినిపించాలి. మీటింగు సాయంత్రం పెట్టాలి. పిల్లల హక్కుల మీద ఇచ్చిన ఫిర్యాదును స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలని అదే చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతీ రాశాను.

వేలిముద్ర వేసే ముందు అక్క అర్జీ అంతా నా చేత రెండుసార్లు చదివించుకుంది. గడియ మాట మొదటి వాక్యంలోనే ఉండాలంది. అలాగే తిరగరాశాను.