నెగెటివ్‌లోని నారింజ ఛాయ

పాత కలర్ నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నప్పుడల్లా దాని పొరల అమరిక నాకు గుర్తుకు వస్తుంది. జెలటిన్‌లో చెదిరి ఉండే సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు స్వతహాగా నీలి, అతినీలలోహిత కాంతికే స్పందిస్తాయి. తగిన అద్దకపు రంగు కలిపితే ఆకుపచ్చకూ స్పందిస్తాయని 1873లో బెర్లిన్‌లో ఫొటోగ్రఫీ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ కనుగొన్నాడు. అయినా నీలిపై వాటి మోజు పోదు కనుక, నీలిని నమోదు చేసే పై పొర కింద, ఆ నీలి కింది పొరలకు చేరకుండా, పసుపు వడపోతను పరుస్తారు. ఆ పసుపు చాలా ఫిల్ముల్లో అతిసూక్ష్మమైన వెండి రేణువులదే కావడం నాకు ముచ్చటగా తోస్తుంది.

అసలు చిక్కు కప్లర్లది, అంటే ఫిల్మును డెవలప్ చేసేటప్పుడు రంగుగా మారే రసాయనాలది. 1935 నాటి కోడాక్రోమ్ ఫిల్ము వాటిని డెవలపర్ ద్రావణాల్లో ఉంచింది. 1936లో వచ్చిన ఆగ్ఫాకలర్ మాత్రం, అవి ఒక పొర నుంచి మరో పొరకు జారిపోకుండా, కప్లర్ అణువులకు పొడవైన కార్బన్ గొలుసులు తగిలించి ఎమల్షన్‌లోనే, అంటే వెండి స్ఫటికాలున్న జెలటిన్ పూతలోనే, నిలిపింది. ఇక నెగెటివ్‌లోని ఆ నారింజ ఛాయ, మెజెంటా, సయాన్ రంగులు తాము పీల్చకూడని కాంతిని కూడా కొంత పీల్చే లోపాన్ని సరిదిద్దడానికి కావాలని ఉంచిన మాస్క్.