మా వంశంలో సుగరుంది

సుగరు మా ఇంట్లో ఆస్తిలాగా తాత నుంచి నాన్నకి వచ్చింది. నాన్న ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కన ఉండేది. అది చూస్తూనే పెరిగాం. అందుకే విశాఖ గాజువాకలో సీ షిఫ్టులు, అంటే రాత్రి డ్యూటీలు, చేసే రోజుల్లో నా నోరు ఎండిపోతున్నా, తెల్లార్లూ బాత్రూంకి లేస్తున్నా ఇంట్లో ఎవరికీ కంగారు పుట్టలేదు. మూడు నెలల సగటు సుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 9.4 వచ్చింది. "మీ నాన్న పోలికేరా, ఏటి చేస్తాం" అంది అమ్మ. నాకూ సబబుగానే తోచింది. రక్తంలో ఉన్నదానికి నోరు కట్టుకుని సాధించేదేముంది? మాత్ర వేసుకుని పూరీలు తిన్నాను.

ఆ తర్వాత చిటికెన వేలి దగ్గర చెప్పు కరిచింది. పుండు ఎన్ని వారాలైనా మానలేదు. తాతకి కాలు తీసేసింది ఇలాంటి పుండుతోనే.

డాక్టరు గారు కట్టు మారుస్తూ, "జన్యువులు మీ నాన్నవే, కాదనను. కానీ ఏ జన్యువు ఎంత పనిచెయ్యాలో చెప్పే గుర్తులు వాటి మీద ఉంటాయి. అవి తిండికీ నిద్రకీ నడకకీ మారతాయి" అన్నారు. ఇంటికొచ్చి చదివాను. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చింది. ఆ రోజుల్లో కడుపున పడ్డవాళ్లను ఆరు దశాబ్దాల తర్వాత పరీక్షిస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద డాక్టరు గారు చెప్పినలాంటి గుర్తులు (మిథైల్ అంటారు) వాళ్ల తోబుట్టువులకన్నా తక్కువ ఉన్నాయట. 2012లో స్వీడన్ పరిశోధకులు కసరత్తు అలవాటు లేనివాళ్ల చేత ఒక్కసారి సైకిల్ తొక్కించి, తొడ కండరం ముక్క తీసి చూశారు. శక్తి ఖర్చుకు సంబంధించిన జన్యువుల మీద గుర్తులు అప్పటికే మారాయి. ఒక్కసారికే! నన్ను మంచం మీంచి లేపింది ఆ మాటే.

మన నమ్మకం ఒంటి మీద పనిచేస్తుందా అన్న సంగతీ చదివాను. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు 380 క్యాలరీల మిల్క్‌షేక్‌నే ఒకసారి 620 అనీ, మరోసారి 140 అనీ చెప్పి ఇచ్చారు. 620 అనుకుని తాగినప్పుడు ఆకలి హార్మోను బాగా పడిపోయింది. అది హార్మోను మాట, జన్యువు మాట కాదు. నా నమ్మకం జన్యువు దాకా వెళ్లిందో లేదో ఎవరూ కొలవలేదు. కాళ్ల దాకా మాత్రం వెళ్లింది.

బతిమాలి జనరల్ షిఫ్టుకి మారాను. పుండు మానాక ఆర్కే బీచ్‌లో నడక మొదలుపెట్టాను. పొద్దున్నే రోడ్డు మీద బళ్లు తిరగనివ్వరు, హాయిగా ఉంటుంది. తిండి దగ్గరే తంటా. చోడి (రాగి) అంబలి సుగరుకి మందని మా వైపు అందరూ అంటారు. పెద్ద గ్లాసుడు తాగి మీటర్‌లో చూస్తే ఇడ్లీలకు దీటుగా ఎక్కింది! అమ్మ మీటరే పాడైందంది. చివరికి కంచంలో సగం దొండకాయో బీరకాయో, పక్కన గుడ్డు, గరిటెడు అన్నం దగ్గర కుదిరింది.

ఇప్పుడు హెచ్‌బీఏ1సీ 6.4. మాత్ర ఒక పూటకి తగ్గింది, మానలేదు. మనసుతో జన్యువుల్నే మార్చెయ్యొచ్చు, మందులు అవతల పారెయ్ అంటూ మా బావ వాట్సాప్‌లో వీడియోలు పంపుతుంటాడు. ఆయనకి బీపీ. ఒక్క పూట మాత్ర మర్చిపోతే మా అక్క ఊరుకోదు.