అరకులో శుక్రవారం దాకా ఆగండి

విశాఖలో పొద్దున కారెక్కి, రాత్రికల్లా మళ్లీ విశాఖలో దిగే అరకు యాత్రల మీద నాకు చాలాకాలంగా కోపం. ఈ డిసెంబరులో కూడా ఒక కారాయన బొర్రా, కాఫీ తోట, మ్యూజియం, పద్మాపురం, చాపరాయి అన్నీ కలిపి మూడు వేల ఎనిమిదొందలు అడిగాడు. అందులో ‘కాఫీ తోట’ అంటే అనంతగిరి దగ్గర రోడ్డు పక్కన పది నిమిషాలు బండి ఆపి, ఫొటో దిగి, గ్లాసుడు కాఫీ తాగి వచ్చేయడం. పండు కోత జోరు మీదున్న నెలలో అరకు వెళ్లి, కాఫీ ఎలా ఆరుతుందో చూడకుండా రావడమంటే సంక్రాంతికి ఊరెళ్లి ఇంటి గడప తొక్కకుండా తిరిగొచ్చినట్టే. అందుకే బుధవారం రైలెక్కి, శనివారం బస్సులో దిగేట్టు పెట్టుకున్నాను. మధ్యలో శుక్రవారం ఉండాలి. అరకు సంత ఆ రోజే.

కిరండూల్ రైలు విశాఖలో ఏడు లోపే బయల్దేరుతుంది. శృంగవరపుకోట దాకా మామూలు దారే. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలై శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా శిమిలిగుడ చేరుతుంది. శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. అక్కణ్ణుంచి అరకుకి దిగడమే, ఎక్కడం కాదు. ఈ లైను వేసింది బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి. ఇప్పటికీ దీని మీద ఖనిజం బండ్లదే జోరు. ఎదురుగా గూడ్సు వస్తుంటే మన బండి స్టేషన్‌లో ఆగుతుంది. చిమిడిపల్లిలో నలభై నిమిషాలు ఆగాం. అరకులో దిగగానే ఏదో పని పెట్టుకుని ఈ రైలెక్కకండి. మధ్యాహ్నం భోజనం లెక్కలోకి కూడా రైలు టైముని తీసుకోకండి.

ఆ పూట, మర్నాడు పొద్దున చూసినవి ఇక్కడ రాయను. అవి అందరూ రాసినవే. రాయవలసింది తెల్లవారుజాము చలిమంట గురించి. అరకులో దాన్ని చూడాలంటే ఐదున్నరకి లేవాలి. రోడ్డు పక్కన రెండు మొద్దులు, గుప్పెడు ఎండుటాకులు, చుట్టూ గొంతుక్కూచున్న ఆరేడుగురు. ఆటోవాళ్లు, పాలు పోసే కుర్రాడు, చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీల్చే ముసలమ్మ. ఎవరు వచ్చినా కాస్త జరిగి చోటిస్తారు, ఎక్కడి నుంచని అడగరు. రిసార్టులో మూడొందలు పుచ్చుకుని వేసే క్యాంప్‌ఫైర్‌లో కిరోసిన్ వాసన ఎక్కువ, వేడి తక్కువ. అక్కడ దుంగలు నిలువుగా పేరుస్తారు కాబట్టి మంట పైకి లేచి అరగంటలో ఆరిపోతుంది. రోడ్డు మీద మొద్దుల కొసలు మాత్రమే మంటలో పెట్టి, కాలేకొద్దీ లోపలికి తోస్తారు. రెండు మొద్దులు తెల్లారేదాకా వస్తాయి.

గురువారం మంచు విడిచాక సుంకరమెట్ట వైపు ఆటోలో పోయి, రోడ్డు దిగి ఒక ఊళ్లోకి నడిచాను. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లనే పట్టుకుని పాకిన మిరియాల తీగలు. ఆ ఊళ్లోనే మధ్యాహ్నం దాకా ఉండిపోయాను. నేను గుంటూరు జిల్లా మనిషిని. మిర్చి కళ్లాల మధ్య పుట్టినవాడికి కాఫీ ఆరబెట్టిన చోటు కొత్తగా అనిపించదు. పంట వేరే గానీ భయం ఒక్కటే.

కోత చూడండి. కొమ్మ మీద కాయలన్నీ ఒకేసారి పండవు. ఎర్రగా పండినదాన్నే రెండు వేళ్లతో పట్టి మెలితిప్పి తీస్తారు. తొడిమ కొమ్మకే ఉండిపోవాలి. గుత్తిని పట్టుకుని దూసేస్తే పచ్చికాయలు కలవడం ఒక నష్టం, వచ్చే ఏడు పూత రావలసిన కణుపు దెబ్బతినడం ఇంకో నష్టం. అందుకే ఒకే మొక్క దగ్గరికి నవంబరు నుంచి జనవరి దాకా మూడు నాలుగు సార్లు తిరగాలి. కోసిన పండుని ముందు నీళ్లలో పోస్తారు. తేలినవి తాలు. మా దగ్గర రంగు పోయి తెల్లబడిన మిరపకాయనీ తాలు అనే అంటాం. ఆ మాట అక్కడ వినగానే ప్రాణం లేచొచ్చింది.

మునిగిన పండు ఆ సాయంత్రమే పల్పర్‌లోకి వెళ్లాలి. రాత్రంతా బస్తాలో ఉంచితే అందులోనే ఉడికిపోయి పులుపెక్కుతుంది. పల్పర్ చేత్తో తిప్పేది. తొక్క ఒకవైపు, జిగురు పట్టిన గింజ ఇంకోవైపు పడుతుంది. డ్రమ్ముకీ పలకకీ మధ్య సందు మరీ బిగిస్తే గింజకి గాటు పడుతుంది, వదులైతే పండు పండుగానే కిందికి జారుతుంది. ముందు గుప్పెడు వేసి చూసి సందు సరిచేసుకుంటారు. తర్వాత గింజని తొట్టిలో ఒక రోజు, ఒకటిన్నర రోజు ఊరనిస్తారు. చలి ముదిరితే ఇంకాస్త ఎక్కువ. గడియారం చూసి తీసే పని కాదిది. ఆ ఇంటి పెద్దావిడ గింజల కుప్పలో కర్ర గుచ్చి లాగి చూపించింది. కర్ర తీసిన చోట కన్నం అలాగే నిలబడితే జిగురు విడిచినట్టు, కన్నం మూసుకుపోతే ఇంకా ఆగాలి. చేత్తో నలిపినా తెలుస్తుంది. జారడం మానేసి ఇసక నలిపినట్టు గరగరమంటుంది. అప్పుడు మూడు నాలుగు నీళ్లు పోసి కడుగుతారు.

ఆరబెట్టడం దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. నడుమెత్తున వెదురు మంచె, దాని మీద వల, వల మీద రెండు వేళ్ల మందాన పరిచిన గింజలు. కిందినుంచీ గాలి తగలాలని వల. గంటకోసారి చేత్తో కలియబెట్టాలి. మంచు పూర్తిగా విడిచి ఎండ పడ్డాకే పట్టా తీస్తారు, అంటే తొమ్మిది దాటాలి. మిట్టమధ్యాహ్నం ఎండ మరీ తీక్షణంగా ఉంటే కాసేపు కప్పుతారు. పైపొట్టు పగిలితే గింజ విలువ పడిపోతుంది. సాయంత్రం నాలుగున్నరకల్లా గింజని మధ్యకి కుప్పచేసి మళ్లీ పట్టా. ‘మంచు తగిల్తే మచ్చ వచ్చేస్తాది బాబూ, మరి కొనరు’ అందావిడ. మా కళ్లాల్లో మిర్చి మీద సాయంత్రం పట్టా కప్పే మా పెద్దమ్మ చెప్పేదీ ఇదే మాట, యాస తప్ప తేడా లేదు.

వారం పది రోజులకి ఆరుతుంది. రెండు గింజలు చేతిలో పెట్టింది, ఒకటి నాలుగు రోజులది, ఒకటి తొమ్మిది రోజులది. పొట్టు ఒలిచి పంటి కింద పెట్టి చూడమంది. మొదటిదానిలో పన్ను దిగింది. రెండోది రాయిలా నిలిచింది, రంగు నీలం కలిసిన ఆకుపచ్చ. ఐదారు కిలోల పండు ఇంత పని దాటొస్తే చేతికొచ్చేది కిలో గింజ. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలబడేది మాత్రం సాయంత్రం నాలుగున్నరకి కప్పే ఆ పట్టా మీదే. కాఫీ తోట అని పర్యాటకులకి చూపించాల్సింది ఇది. వెళ్తే అడిగి వెళ్లండి, పని చేసేవాళ్ల చేతులకి అడ్డం పడకండి, మంచె మీద గింజలు పిడికిలితో తీయకండి.

శుక్రవారం సంత. ఎనిమిదికి వెళ్తే కావిళ్లు దిగుతూ ఉంటాయి, పన్నెండుకి వెళ్తే మంచి సరుకు ఉండదు. పసుపు, అల్లం, పిప్పళ్లు, కొండచీపుళ్లు, చోళ్లు, సామలు, వెదురు పుల్లలతో కుట్టిన అడ్డాకు విస్తళ్లు, కోళ్లు. చోళ్లంటే మన రాగులే. నేను వెళ్లింది రాజ్మా కోసం. కొత్త పంట డిసెంబరులో వస్తుంది. కొందరు తూకానికి, కొందరు మానికకి అమ్ముతారు. మానిక నింపాక అమ్మే ఆవిడ అంచు చుట్టూ అరచెయ్యి గోడలా పెట్టి, ఇంకో చేత్తో గోపురంలా పోసింది. పట్నం నుంచొచ్చిన ఒకాయన ఆ గోపురం మీద ఇంకో గుప్పెడు వెయ్యమని గొడవ. నాకు కష్టంగా అనిపించింది. ఆమె ఎన్ని కొండలు దిగి ఆ బుట్ట మోసుకొచ్చిందో మన కంటికి తెలుస్తూనే ఉంటుంది.

రాజ్మా కొనేముందు ఒక గింజ కొరికి చూడండి. పన్ను దిగిందంటే తడి ఇంకా ఉంది, ఇంటికి తెచ్చి డబ్బాలో పోస్తే బూజు పడుతుంది. అలాంటిది కొంటే రెండు రోజులు ఎండబెట్టాలి. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి కుక్కర్లో పెడితే కొత్త గింజ నాలుగైదు విజిల్స్‌కి వెన్నలా ఉడుకుతుంది. పాత గింజకి ఎనిమిదైనా చాలదు. కుక్కర్ లేకుండా సన్నమంట మీద మాత్రమే ఉడికించకండి. మొదట పది నిమిషాలు తెర్లే మరుగు పడకపోతే రాజ్మా కడుపుకి పడదు.

సాయంత్రం బొంగు చికెన్. ఇందులో మోసం ఎక్కువ, కాబట్టి ఎలా చెయ్యాలో తెలుసుకుని వెళ్లండి. బొంగు పచ్చిది కావాలి, ఒక కొస కణుపుతో మూసుకుని ఉండాలి. ఎండు బొంగైతే నిప్పంటుకుని పగులుతుంది, లోపలి రసమంతా కారిపోతుంది. ముక్కలకి అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు, ధనియాల పొడి, నిమ్మరసం పట్టించి గంట ఉంచాలి. నూనె చుక్క పోయరు. కోడి కొవ్వూ పచ్చి బొంగు చెమ్మా చాలు. మూతి దగ్గర నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, ఆకులు మడిచి బిరడా కొట్టి, మంట మీద ఏటవాలుగా పెట్టి తిప్పుతూ ఉండాలి. ముప్పావు గంట పడుతుంది. మూతి ఆకుల్లోంచి ఆవిరి సన్నగా వచ్చి, బొంగు చుట్టూ నల్లబడితే దించొచ్చు. తిప్పకుండా వదిలేస్తే ఒకవైపు మాడి, ఇంకోవైపు ఎముక దగ్గర నెత్తురు కనిపిస్తుంది. రద్దీ రోజుల్లో కొన్ని చోట్ల ముందే గిన్నెలో ఉడికించి బొంగులో పోసి వేడిచేస్తారు. అలాంటిదానికి బొంగు వాసన పట్టదు, మీద నూనె తేలుతుంది. పచ్చి ముక్కలు మీ ముందే తూచి, మీ ముందే బొంగులో నింపే కొట్టు దగ్గరే తినండి. నేను తిన్నచోట అర కిలోకి మూడొందలు తీసుకున్నారు, అడ్డాకులో బోర్లించి ఇచ్చారు. వేడికి పచ్చి ఆకు కమిలిన వాసన ముక్కలకి పట్టింది. ఆ ఒక్కదానికే మూడొందలు ఇచ్చినా నాకు బాధ లేదు.

శనివారం బస్సు దిగేటప్పుడు ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పుతుంది. ముందు సీట్లలో కూచోండి, టిఫిన్ తిన్న వెంటనే ఎక్కకండి.

సంచిలో అరకిలో కాఫీ పొడి తెచ్చుకున్నాను. చికోరీ లేనిది. మొదటి రోజు ఇంట్లో ఫిల్టర్లో ఎప్పటిలాగే రెండు చెంచాలు వేస్తే డికాషన్ టీ నీళ్లలా దిగిపోయింది. చికోరీ నీటిని పట్టి నెమ్మదిగా దింపుతుంది, అది లేని పొడిలోంచి నీళ్లు ఊరికే జారిపోతాయి. రెండో రోజు మూడు చెంచాలు గోపురంగా వేసి, లోపలి గొడుగుతో పొడిని నొక్కి, నూట యాభై మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు ఒకేసారి కాకుండా మూడు విడతలుగా పోశాను. ఇరవై నిమిషాలకి చిక్కగా దిగింది. పాలు కొంచెమే పోయండి.